పోయినవన్నీ తిన్నవి కావు: వేడి నీళ్ళు, సిగ్నల్ క్రేఫిష్ మేత – ప్రాజెక్టు డైరీ

ఈ పని ఇంకెవరైనా చెయ్యబోతే, నేను పోగొట్టుకున్న మూడు వారాలు వాళ్ళు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను. ప్రశ్న చిన్నది. ఇంగ్లండ్ నదుల్లో పాతుకుపోయిన సిగ్నల్ క్రేఫిష్, నీళ్ళు వేడెక్కితే ఎక్కువ తింటుందా? తింటే ఎంత ఎక్కువ? నేను యార్క్‌షైర్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాను, ఇది వేసవి ప్రాజెక్టు.

క్రేఫిష్ ఎరగనివాళ్ళకి ఒక్క మాట. మన నీలకంఠం రొయ్యకి పొడుగాటి సన్నని చేతులుంటాయి కదా, వాటి బదులు పీత డెక్కలు తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. డెక్క మడత దగ్గర తెల్లటి, కాస్త నీలం కలిసిన మచ్చ ఉంటుంది. పాత రైల్వే సిగ్నల్ జెండాని తలపిస్తుందని ఆ పేరు. సొంతూరు ఉత్తర అమెరికా పడమటి వైపు. 1970లలో తిండి కోసం పెంచుదామని బ్రిటన్‌కి తెచ్చారు, అవి చెరువులు దాటి నదుల్లో పడ్డాయి. ఇక్కడి సొంత జాతి తెల్లడెక్కల క్రేఫిష్‌ని చంపే తెగులుని ఇవి మోస్తూ తిరుగుతాయి, వీటికి మాత్రం దాదాపు ఏమీ కాదు. పైగా ఆకులు, నాచు, నత్తలు, పురుగులు, చేప గుడ్లు, దేన్నీ వదలవు.

2022 జూలై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది, బ్రిటన్ చరిత్రలో అదే ఎక్కువ. అలాంటి వారంలో లోతు లేకుండా పారే వాగుల్లో ఈ జంతువు ఏం చేస్తుందన్నది ఊరికే పుట్టిన ప్రశ్న కాదు.

దశ 0: అనుమతి, పట్టడం (జూన్ 3 వరకు)

అనుమతి లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. ఇంగ్లండ్‌లో సిగ్నల్ క్రేఫిష్‌ని బోను పెట్టి పట్టాలంటే పర్యావరణ సంస్థ అనుమతి కావాలి. ప్రాణంతో ఉంచుకోవాలంటే వేరే లైసెన్సు. ఒకసారి పట్టాక తిరిగి నీళ్ళలో వదలడం నేరం. అంటే ఎన్ని పడితే అన్నిటికీ బాధ్యత మనదే, అక్కర్లేనివాటిని కూడా నొప్పి తెలియకుండా చంపాలి. ఇది ముందే మనసులో పెట్టుకుని బోన్లు తక్కువ వెయ్యండి.

1. బోను నోరు 95 మిల్లీమీటర్లకి మించకూడదు, లేకపోతే నీటికుక్కలు దూరి చస్తాయి.
2. బోన్లో ఎక్కువగా పెద్ద మగవే పడతాయి. మధ్యస్థం సైజువి రాళ్ళ కింద చేతివలతో పట్టాను.
3. మగవి మాత్రమే తీసుకున్నాను. వీపు చిప్ప పొడవు 38 నుంచి 45 మిల్లీమీటర్లు (వెర్నియర్‌తో, కంటి గుంట నుంచి చిప్ప వెనక అంచు దాకా). రెండు డెక్కలూ నిండుగా ఉండాలి. ఒంటిడెక్క క్రేఫిష్ తినే తీరే వేరు.
4. వల, బూట్లు, బకెట్లు చూసుకో, కడుగు, ఆరబెట్టు అనేది ఇక్కడ అందరికీ నేర్పే పద్ధతి. తడి వల ఇంకో వాగులో పెడితే తెగులుని మనమే మోసినట్టు.

లెక్క: పట్టినవి 61. ప్రయోగానికి 36, అదనంగా 4. మిగతా 21 చంపి ఫ్రీజర్‌లో పెట్టాను, పక్క ప్రాజెక్టులో కడుపులు కోసి చూడటానికి పనికొచ్చాయి.

దశ 1: టబ్బులు, వేడి (జూన్ 4 – 20)

ఉష్ణోగ్రతలు మూడు: 12, 18, 24. ఒక్కోదానికి 12 జంతువులు, ఒక్కో జంతువుకి ఒక టబ్బు, దాక్కోడానికి ఒక పీవీసీ పైపు ముక్క. కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి. నది నీళ్ళ వేడి నుంచి రోజుకి 1 డిగ్రీ చొప్పున మార్చి, చేరాల్సిన చోటికి చేరాక 7 రోజులు అలాగే ఉంచాను.

ఇక్కడ రెండు తప్పులు జరిగాయి.

జూన్ 9. పొద్దున వచ్చేసరికి ఒక టబ్బు ఖాళీ. గాలి గొట్టం పట్టుకుని పైకెక్కి, మూత నెట్టి దిగిపోయింది. సింకు కింద దుమ్ము పట్టి, ప్రాణంతోనే దొరికింది. చెమ్మ ఉంటే నీళ్ళు లేకుండా చాలాసేపు బతుకుతుంది, అందుకే నదులు ఇంత సులువుగా దాటింది. అది దొరికేదాకా ఆ గంటన్నర నాకు చేతులు వణికాయి. దొరకడం ఆలస్యమై మురుగు కాలవలోకి పోయుంటే లైసెన్సు నాది, తప్పు నాది. ఆ రోజే అన్ని మూతలకీ క్లిప్పులు బిగించాను. గొట్టానికి మూతలో 6 మిల్లీమీటర్ల రంధ్రం, అంతకంటే పెద్దది వద్దు.

జూన్ 13. హీటర్ మీద 24 అని ఉంది. నీళ్ళు 26.1. అదీ పైన, అడుగున 24.7. క్రేఫిష్ బతికేది అడుగున, నేను కొలిచింది పైన. మార్చినవి ఇవి:

1. థర్మామీటర్లన్నీ ఐసు ముక్కలు కరుగుతున్న నీళ్ళలో ముంచి సున్నా చూపిస్తున్నాయో లేదో చూశాను. ఐదిట్లో ఒకటి 0.8 చూపించింది, పక్కన పడేశాను.
2. హీటర్‌ని టబ్బులో కాక, టబ్బులన్నీ కూర్చున్న పెద్ద తొట్టిలో పెట్టాను. జంతువు తగలదు, పగలగొట్టదు.
3. తొట్టిలో చిన్న పంపు పెట్టి నీళ్ళు తిప్పాను. పైకీ కిందకీ తేడా 0.2కి దిగింది.
4. ప్రతి తొట్టి అడుగునా 10 నిమిషాలకోసారి కొలిచే లాగర్. డయల్ మీది అంకె ఆ తర్వాత చూడలేదు.

దశ 2: మొదటి విడత, మొత్తం పోయింది (జూన్ 21 – 24)

ఎర: గామరస్. వాగు రాళ్ళ కింద దొరికే, వంకర తిరిగిన, వేలి గోరంత రొయ్యలాంటి ప్రాణి. క్రేఫిష్‌ని 24 గంటలు పస్తు ఉంచి, 6 లీటర్ల నీళ్ళలో 4, 8, 16 లేక 32 గామరస్ వేసి, 24 గంటల తర్వాత మిగిలినవి లెక్కపెట్టడం. 3 ఉష్ణోగ్రతలు, 4 సాంద్రతలు, మూడేసి సార్లు. మొత్తం 36 ట్రయల్స్.

32 వేసిన టబ్బుల్లో కనపడకుండా పోయినవి, సగటున:

12 డిగ్రీలు – 17
18 డిగ్రీలు – 27
24 డిగ్రీలు – 31

గీత గీస్తే అందంగా వచ్చింది. ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. మాది భీమవరం దగ్గర, నాన్న ఇరవై ఏళ్ళుగా రొయ్యల చెరువులు చేస్తున్నారు. చలికాలం నీళ్ళు చల్లబడితే మేత తగ్గించడం, మబ్బు పడితే ఆపడం, అమావాస్యకీ పౌర్ణమికీ గుల్ల విడుస్తాయని చూసుకుని వెయ్యడం, ఇవన్నీ నేను బళ్ళో చదవకముందే మా చెరువు గట్టు మీద విన్నాను. ఆయన విని ఒకటే అడిగారు.

"తిన్నాయా, పోయాయా అమ్మా?"

"అదేంటి నాన్నా, ముప్పై రెండు వేస్తే ఒకటే మిగిలింది."

"మేత చూసుకోడానికి చెరువులో దించిన చెక్ ట్రే పైకి తీస్తే మేత లేదనుకో, రొయ్య తిన్నట్టేనా? కరిగిపోయి ఉండొచ్చు, అలకి చెదిరిపోయి ఉండొచ్చు. అలా అనుకుని మేత పెంచినవాళ్ళ చెరువు అడుగు నల్లబడిపోయింది. రొయ్య ఎక్కకుండా వల కప్పి ఒక ట్రే దించి చూడు. దాన్లో ఎంత పోయిందో అది తీసెయ్."

క్రేఫిష్ లేని టబ్బు. ప్రయోగ పద్ధతుల క్లాసులో దాన్ని కంట్రోల్ అంటారు, పరీక్షలో నేను రాశాను కూడా. కానీ గామరస్ ఒక్కరోజులో ఏమవుతాయిలే అని పెట్టలేదు.

జూన్ 26, 27. క్రేఫిష్ లేకుండా 32 గామరస్ చొప్పున, 24 గంటలు. మాయమైనవి:

12 డిగ్రీలు – 1, 0, 1
18 డిగ్రీలు – 2, 1, 3
24 డిగ్రీలు – 5, 7, 4

వేడికి కొన్ని చస్తున్నాయి. చచ్చినవాటిని, గుల్ల విడిచి మెత్తగా ఉన్నవాటిని మిగతావి తినేస్తున్నాయి. 24 డిగ్రీల్లో 32లో సగటున 5కి పైగా, అంటే ఆరో వంతు, క్రేఫిష్ ముట్టకుండానే పోతోంది. అదీ వేడి పెరిగినకొద్దీ పెరుగుతోంది, సరిగ్గా నేను నిరూపించాలనుకున్న దిక్కులోనే. కంట్రోల్ లేకుండా ఇలాంటి గ్రాఫు ఎక్కడ కనపడినా ఇక నమ్మను.

పాత లెక్కలోంచి ఆ సగటు తీసేస్తే సరిపోదా? పోదు. క్రేఫిష్ ముందే తినేసిన గామరస్ తర్వాత చావలేదు కదా, తీసివేత రెండుసార్లు అవుతుంది. అదీగాక ఇంకో రెండు లోపాలు బయటపడ్డాయి.

మొదటిది, 4, 8 వేసిన టబ్బుల్లో దాదాపు అన్నీ ఖాళీ. 18లోనూ 24లోనూ అంతా తినేస్తే ఏది త్వరగా తిన్నదో ఎలా తెలుస్తుంది? 24 గంటలు చాలా ఎక్కువ సమయం.

రెండోది ఆక్సిజన్. బుడగలకి గామరస్ చెదురుతున్నాయని రాత్రి గాలి ఆపేశాను. 24 డిగ్రీల టబ్బులో తెల్లారేసరికి లీటరుకు 4.6 మిల్లీగ్రాములు. నిండుగా ఉంటే ఆ వేడిలో 8.4 ఉండాలి. 12 డిగ్రీల నీళ్ళు 10.8 దాకా పట్టుకుంటాయి. వేడి నీళ్ళు ఆక్సిజన్‌ని తక్కువ పట్టుకుంటాయి, అదే వేడిలో ప్రాణికి ఎక్కువ కావాలి. నేను కొలిచింది వేడినా, ఊపిరాడకపోవడాన్నా? చెప్పలేను. 36 ట్రయల్స్, 540 గామరస్ పక్కన పెట్టేశాను.

దశ 3: మార్చిన పద్ధతి (జూన్ 28 – జూలై 4)

1. సమయం 24 గంటల నుంచి 6 గంటలకి. రాత్రి 10 నుంచి 4 వరకు, చీకట్లో. ఇవి తిరిగేది అప్పుడే.
2. సాంద్రతలు 4, 8, 16, 32, 64, 96. పైన ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే పైన అంకెలు కావాలి.
3. గాలిరాయి ఒక మూల, సన్నటి బుడగలు, చుట్టూ జాలీ. తెల్లారి ఏ టబ్బులోనూ 7.5 కంటే తగ్గలేదు.
4. గామరస్‌లో రెండు జల్లెళ్ళ మధ్య ఆగినవి మాత్రమే. వాటిని కూడా ముందు రోజు ఆ వేడికి అలవాటు చెయ్యడం.
5. ప్రతి రాత్రి 12 క్రేఫిష్ టబ్బులు, 6 కంట్రోల్ టబ్బులు. రాత్రి విడిచి రాత్రి, మొత్తం 9 రాత్రులు.
6. తెల్లటి ట్రేలో పోసి ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టడం. రెండో మనిషికి ఏ ట్రే ఏ వేడిదో తెలియకూడదు. తేడా వస్తే మళ్ళీ.
7. గుల్ల విడిచిన జంతువు ముందూ వెనకా 7 రోజుల ట్రయల్స్ లెక్కలోకి రావు. ఈ నియమం ఫలితాలు చూడకముందే రాసి, తారీఖు వేసి, మా గైడ్‌కి పంపాను. చూశాక రాస్తే మనకి నచ్చనివన్నీ తీసెయ్యబుద్ధవుతుంది.

లెక్క: 3 వేడిలు × 6 సాంద్రతలు × 6 సార్లు = 108 ట్రయల్స్. కంట్రోల్ 54. ఒక వరసకి 220 గామరస్, అంటే ట్రయల్స్‌కి 3,960, కంట్రోల్‌కి 1,980. మొత్తం 5,940. పోయిన 540 కలిపితే 6,480. పట్టడానికే నాలుగు మధ్యాహ్నాలు వాగులో మోకాలి లోతు నిలబడ్డాను. ఎన్ని కావాలో ముందే గుణించి చూసుకోండి, నేను సగంలో చూసుకున్నాను.

దశ 4: తొమ్మిది రాత్రులు (జూలై 5 – 21)

చాలావరకు చెప్పుకోడానికేం లేదు. లెక్కపెట్టడం, నిద్రపోవడం.

ఒక్క రాత్రి గురించి చెప్పాలి. జూలై 11న ఎర్ర దీపం పెట్టుకుని (ఎరుపు వీటికి సరిగా కనపడదు) 12 డిగ్రీల టబ్బు ఒకటి, 24ది ఒకటి పక్కపక్కన చూశాను. పెద్ద డెక్కలతో పట్టుకుని తింటుందని అనుకునేదాన్ని. కాదు. ఆ డెక్కలు ముందుకి చాపి ఊరికే ఉంచింది. పని చేసింది వాటి వెనకున్న రెండు జతల కాళ్ళు, చివర సూది మొనంత చిన్న పట్టుకార్లు. అడుగంతా తడుముకుంటూ పోయి, గామరస్ తగలగానే చటుక్కున పట్టి నోటి కిందకి తోసింది. అక్కడ నోటి ముందరి కాళ్ళు దాన్ని పక్కకి తిప్పి, తల ముందుకొచ్చేలా సర్ది, దవడకి అందించాయి. గుల్ల ముక్కలు అటూ ఇటూ రాలాయి. 24 డిగ్రీల్లో నములుతుండగానే కాళ్ళు రెండోదాన్ని వెతకడం మొదలుపెట్టాయి. 12లో ఒకటి పూర్తిగా మింగాక, మీసాలు ఆడిస్తూ అలా నిలబడి, చాలాసేపటికి గానీ కదల్లేదు.

గామరస్ మగది ఆడదాన్ని పొట్ట కింద పట్టుకుని జంటగా ఈదుతుంది. ఆ జంట దొరికితే రెండూ ఒకేసారి నోట్లోకి పోతున్నాయి. అప్పటిదాకా జంటల్ని పట్టించుకోలేదు. ఆ తర్వాతి రాత్రుల నుంచి విడదీసి వేశాను, ముందు 4 రాత్రుల ట్రయల్స్‌కి పట్టికలో గుర్తు పెట్టాను.

గుల్ల విడవడం: నాలుగు జంతువులు. వాటిలో రెండు, గుల్ల విడవడానికి ముందు రోజుల్లోనే 64లో ఒక్కటీ ముట్టలేదు. వీపు చిప్ప పక్కలు వేలితో మెల్లగా నొక్కితే మెత్తగా లోపలికి పోయాయి. నియమం ప్రకారం 7 ట్రయల్స్ తీసేశాను, 5 మళ్ళీ చెయ్యగలిగాను. మిగిలినవి 106.

కంట్రోల్‌లో నష్టం 6 గంటల్లో: 12 డిగ్రీల్లో నూటికి 1 కూడా లేదు, 24లో నూటికి 3. ఇంతైతే భరించొచ్చు.

దశ 5: లెక్క (ఆగస్టు 1 – 6)

96 వేసినప్పుడు 6 గంటల్లో తిన్నవి, సగటున: 12లో 13, 18లో 22, 24లో 26.

ఎర ఎంత పెంచినా తినడం ఒకచోట ఆగిపోతుంది, ఎందుకంటే ఒక్కోదాన్ని పట్టి, నమిలి, మింగడానికి కొంత సమయం పడుతుంది. దీన్ని లెక్కగట్టడానికి హోలింగ్ 1959లో ఇచ్చిన సమీకరణం ఉంది. కానీ అది ఎర తగ్గదని అనుకుంటుంది. నేను తిన్నవాటి బదులు కొత్తవి వెయ్యలేదు కాబట్టి, తగ్గుదలని లెక్కలోకి తీసుకునే రోజర్స్ సమీకరణం వాడాలి. మొదట పాతదే వాడి ఒక రోజు పోగొట్టుకున్నాను. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఆర్‌లో ఫ్రెయిర్ అనే ప్యాకేజీ ఈ పని చేసిపెడుతుంది.

ఒక్కో గామరస్‌కి పట్టే సమయం:

12 డిగ్రీలు – 24 నిమిషాలు
18 డిగ్రీలు – 14.4 నిమిషాలు
24 డిగ్రీలు – 12 నిమిషాలు

అంటే 6 గంటల్లో గరిష్ఠంగా 15, 25, 30. ఇందులో నమలడమే కాదు, కడుపు నిండి ఆగడం కూడా కలిసే ఉంది, ఈ ప్రయోగంలో రెంటినీ విడదీయలేం.

12 నుంచి 18కి పెరుగుదలని 10 డిగ్రీల లెక్కకి మారిస్తే 2.3 రెట్లు. 18 నుంచి 24కి అదే లెక్కలో 1.35 రెట్లు. మొదటి 6 డిగ్రీలు చేసినంత పని తర్వాతి 6 డిగ్రీలు చెయ్యలేదు. 18కీ 24కీ అంచనాల హద్దులు (అసలు అంకె ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో చెప్పేవి) ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి కూడా. కాబట్టి నేను గట్టిగా చెప్పగలిగింది ఇంతే: చల్లటి నది 18 దాకా వేడెక్కితే ఈ జంతువు బాగా ఎక్కువ తింటుంది. ఆ పైన ఇంకాస్త పెరగొచ్చు. మొదటి విడత గ్రాఫు నమ్మి ఉంటే 24 గురించి ఎంత గొప్పగా రాసేదాన్నో తలుచుకుంటే భయమేస్తుంది.

ఒకే జంతువు మూడేసి సార్లు వచ్చింది కాబట్టి ఆ మూడూ మూడు సాక్ష్యాలు కావు. ఒక్కో జంతువుని ఒక్కసారే లెక్కలోకి తీసుకుని మళ్ళీ చేశాను. వరస మారలేదు, హద్దులు వెడల్పయ్యాయి.

దశ 6: ఆకులు (ఆగస్టు 8 – 16)

వాగుల్లో ఇవి కుళ్ళిన ఆకులే ఎక్కువ తింటాయి గనక ఆల్డర్ చెట్టు ఆకు బిళ్ళలతో ఒక చిన్న విడత. వాగు నీళ్ళలో రెండు వారాలు నానిన ఆకుని కార్క్ కోసే గొట్టంతో గుండ్రంగా కోశాను. ఇక్కడా అదే పాఠం: ఆకు నీళ్ళలో ఊరికే ఉన్నా బరువు తగ్గుతుంది, వేడి నీళ్ళలో ఇంకా తగ్గుతుంది. ఈసారి ముందే చూసుకున్నాను. నడిమి ఈనెకి ఎడమ పక్క బిళ్ళ క్రేఫిష్‌కి, సరిగ్గా ఎదురుగా కుడి పక్కది కంట్రోల్‌కి. చివర రెండూ 60 డిగ్రీల ఓవెన్‌లో 48 గంటలు ఆరబెట్టి తూకం. తేడాయే తిన్నది.

ఒక్కో వేడికి 8 జంతువులే మిగిలాయి. 12కీ 24కీ మధ్య తేడా ఉన్నట్టుంది గానీ జంతువుకీ జంతువుకీ మధ్య తేడా అంతకంటే పెద్దది. అంకెలు ఇవ్వను. చెయ్యాలనుకున్నవాళ్ళు కనీసం 20 పెట్టుకోండి.

మొత్తం లెక్క, ఆగస్టు 17

వాడిన క్రేఫిష్ 40. ట్రయల్స్ 36 పారేసినవి, 106 నిలిచినవి. గామరస్ 6,480, తిరిగి చేసినవీ, జూన్ 26, 27 కంట్రోల్‌వీ కాకుండా. పారేసిన థర్మామీటర్ 1. పారిపోయింది 1, దొరికింది 1.

నాన్న నిన్న ఇంకోటి అడిగారు: "మీ నదిలో పగలూ రాత్రీ ఒకటే వేడి ఉంటుందా?" ఉండదు. ఎండ రోజున నా లాగర్ ఒకటి వాగులో వేస్తే మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకీ 5 డిగ్రీల తేడా చూపించింది. నా టబ్బులు మాత్రం రెండు నెలలు కదలకుండా 24లోనే ఉన్నాయి. అందుకని మిగిలిన జంతువుల్లో 12 తీసి ఆరిటిని 18లోనే ఉంచి, ఆరిటికి టైమర్‌తో పగలు 21, రాత్రి 15 వచ్చేలా పెట్టాను. సగటు రెంటికీ ఒకటే. అవి తినేది రాత్రి, అంటే చల్లబడ్డాక. కంట్రోల్ టబ్బులు 6. లాగర్లు అడుగున ఉన్నాయి, క్లిప్పులు బిగించాను, 10 గంటలకి గామరస్ వేస్తాను.